రాయవేలూరు డాక్టరమ్మ మేరీ వర్గీస్

రాయలసీమ పల్లెల్లో జబ్బు ముదిరిందంటే రాయవేలూరు తీసుకుపొమ్మంటారు. ఆ వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి పేరు వినని ఇల్లు లేదు. అక్కడే చదివి, అక్కడే నడక పోగొట్టుకుని, తనలాంటి వాళ్ళకోసం అక్కడే ఒక సంస్థను నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గురించి మాత్రం మన హాస్టళ్ళలో తక్కువగా వింటాం. అందుకే ఈ సంచికలో ఆమె జీవితం రాయాలనుకున్నాం.

మేరీ వర్గీస్ 1925లో కొచ్చిన్‌లో జన్మించారు. వేలూరులో వైద్యం చదివారు. స్త్రీల వైద్యంలో నిపుణురాలు కావాలన్నది ఆమె కోరిక. 1954 జనవరిలో తోటి డాక్టర్లతో కలిసి వెళ్తుండగా వాళ్ళ బండి బోల్తా పడింది. ముఖానికి పెద్ద గాయమైంది. వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం పూర్తిగా చచ్చుబడిపోయింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు.

ఇక డాక్టరు పని ముగిసిందనుకున్న రోజుల్లో, కుష్ఠు రోగుల చేతులను బాగుచేసే డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెకు ఒక దారి చూపారు. కుష్ఠు వల్ల నరాలు చచ్చి వేళ్ళు కొంకర్లు పోతాయి. బాగున్న కండరానికి చెందిన స్నాయువును మార్చి కలిపితే వేళ్ళు మళ్ళీ తెరుచుకుంటాయి. చేతి ఆపరేషన్ కూర్చుని చేసేదే కదా! మేరీ చక్రాల కుర్చీలో కూర్చునే ఆ పని నేర్చుకున్నారు. ఊరు వెలివేసిన రోగులకు, తమలాగే దేహం దెబ్బతిన్న డాక్టరమ్మ ఎదురుగా కూర్చోవడం ఎంత ధైర్యమో మనం ఊహించగలం.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తన పనులు తానే చేసుకోవడం నేర్చుకున్నారు. తర్వాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివారు. తిరిగి వచ్చి 1963లో వేలూరులో ఆ విభాగం బాధ్యత తీసుకున్నారు. 1966లో రోగులు ఉండి శిక్షణ పొందే పునరావాస సంస్థ ప్రారంభమైంది. మన దేశంలో అలాంటి వాటిలో అదే మొదటిది.

ఇందులో గొప్పేముంది అనుకోవచ్చు. మన ఊళ్ళు చూడండి. మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు, కట్టడం మీంచి జారిన మేస్త్రీ. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేస్తారు. వసారాలో మంచం వేస్తారు. భార్య కూలి మానేస్తుంది. పెద్ద కూతురు బడి మానేస్తుంది. చివరికి ప్రాణం తీసేది చాలాసార్లు వెన్ను దెబ్బ కాదు, పక్క పుండ్లూ మూత్రంలో చేరిన చీమూ. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలనీ, స్పర్శ లేని చోట పుండు పడిందేమో అద్దంలో చూసుకోవాలనీ చెప్పేవాళ్ళే ఉండరు. పునరావాసం అంటే ఈ చిన్న పనులే. మంచం మీంచి కుర్చీలోకి మారడం, మూత్రం విషయంలో శుభ్రత, కూర్చుని చేసుకోగల పని. ఇవి రోగికీ నేర్పాలి, వెంట ఉన్న మనిషికీ నేర్పాలి.

మేరీ గురించి రాసేవాళ్ళు ఆమె ఓర్పునే ఎక్కువగా పొగుడుతారు. మాకు అది సగమే అనిపిస్తుంది. ఆమె పడిన రోజున చుట్టూ ఉన్నది డాక్టర్లే. గీత కార్మికుడి చుట్టూ ఎవరుంటారు? ఆ తేడాను తగ్గించడానికి ఆమె మిగిలిన జీవితమంతా పనిచేశారు. మా లెక్కలో అదే పెద్ద పని.

ప్రభుత్వం 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986లో ఆమె కన్నుమూశారు. వేలూరు బాగాయంలో ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు కాట్పాడిలో రైలు దిగాలి. రోగి వెంట ఇంటి మనిషి ఒకరు వెళ్ళాలి, ఎందుకంటే అక్కడ నేర్చుకోవలసింది ఇద్దరూ.