దాచిన పుట్టుక

ప్రసిద్ధ చలనచిత్ర నటి మెర్ల్ ఓబెరాన్ 1911వ సంవత్సరమున బొంబాయి నగరములో ఒక పేద యింట జన్మించెను. ఆమె తొలి పేరు ఎస్టెల్ మెర్ల్ థామ్సన్. ఆమె వంశమున ఐరోపా, ఆసియా జాతులు రెండును కలసియుండెను. బాల్యము బొంబాయిలోను కలకత్తాలోను గడచెను.

నటనలో పేరు గడింపగోరి ఆమె యౌవనమున ఐరోపాకు పయనమయ్యెను. ఆ దినములలో అచ్చటను అమెరికాలోను కథానాయిక పాత్రలు ఎక్కువగా తెల్లవారికే దక్కుచుండెను. అందుచేత ఆమె తాను ఆస్ట్రేలియాకు చేరిన టాస్మేనియా ద్వీపమున పుట్టినట్లు లోకమును నమ్మించెను. మేను తెల్లగా కనబడుటకు తీవ్రమైన లేపనములను వాడెను. అవి ఆమె చర్మమును చెరచెనని చెప్పుదురు.

కీర్తి ఆమెను వరించెను. ‘ది డార్క్ ఏంజెల్’ అను చిత్రమున నటించినందులకు 1935వ సంవత్సరపు ఆస్కారు బహుమానమునకు ఆమె పేరు పరిశీలింపబడెను. 1939లో ‘వుదరింగ్ హైట్స్’ ఆమె పేరును దేశదేశములకు వ్యాపింపజేసెను.

కాని ఆ కీర్తికి వెల కలదు. తల్లియై పెంచిన అమ్మమ్మ షార్లెట్ చామనచాయ కలది. లండను గృహమునకు వచ్చిన అతిథులకు ఆమె దాసిగానే పరిచయమయ్యెను. 1937లో ఆమె మరణించెను. పిమ్మట మెర్ల్ ఆమె చిత్తరువును వ్రాయించెను. అందును ఆ ముఖము తెల్లగానే యుండెను.

1978లో టాస్మేనియాలోని హోబర్టు నగరము మెర్ల్‌ను తమ బిడ్డగా గౌరవించెను. ఆ గౌరవము ఆమెకు కలతనే కలిగించెను. మరుసటి యేడు ఆమె మరణించెను. 1983లో వెలువడిన జీవితచరిత్ర వలన నిజము లోకమునకు తెలిసెను.

బాలలారా! రంగును చూచి ప్రతిభను తూచిన దోషము లోకమునది. దానికి వెల చెల్లించినవారు మాత్రము తల్లియై పెంచిన ముదుసలియును, ఆమెను నలుగురిలో తల్లియని పిలువజాలని బిడ్డయును.