డాన్ డ్రమ్మండ్

డాన్ డ్రమ్మండ్ (మార్చి 12, 1932 - మే 6, 1969) జమైకా దేశానికి చెందిన సుప్రసిద్ధ ట్రాంబోన్ వాద్యకారుడు, స్వరకర్త. పూర్తి పేరు డోనాల్డ్ విల్లిస్ డ్రమ్మండ్. 1960వ దశకపు తొలి సంవత్సరాలలో జమైకాను ఊపివేసిన "స్కా" సంగీతానికి రూపురేఖలు దిద్దినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. "ది స్కాటలైట్స్" వాద్యబృందపు వ్యవస్థాపక సభ్యులలో ఒకడు. 37 సంవత్సరాలు మాత్రమే జీవించిన ఇతడు చివరి నాలుగేళ్ళు నిర్బంధంలో గడిపాడు. 1965 జనవరిలో తన సహచరి, ప్రముఖ నర్తకి అనీటా మాఫూద్‌ను హత్య చేశాడు. అందుచేత ఇతని జీవితకథ ఒక గొప్ప కళాకారుని కథ మాత్రమే కాదు; ఒక మానసిక రోగి కథ, ఇతని చేతిలో ప్రాణం కోల్పోయిన మరొక కళాకారిణి కథ కూడా.

బాల్యం, ఆల్ఫా పాఠశాల

డ్రమ్మండ్ జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో జన్మించాడు. తల్లి డోరిస్ మన్రో, తండ్రి యురియా డ్రమ్మండ్. పేద కుటుంబం. బడికి సరిగా వెళ్ళకపోవడంతో 1943 డిసెంబరులో, పదకొండేళ్ళ వయసులో, ఇతనిని ఆల్ఫా బాలుర పాఠశాలలో చేర్చారు.

కింగ్‌స్టన్‌లోని సౌత్ క్యాంప్ రోడ్డులో ఉన్న ఈ సంస్థకు 1880లో పునాది పడింది. "సిస్టర్స్ ఆఫ్ మెర్సీ" అనే రోమన్ కాథలిక్ సన్యాసినుల సంఘం దీనిని నడిపింది. అనాథలకు, తల్లిదండ్రుల అదుపు తప్పిన పిల్లలకు అక్కడ చదువుతో పాటు అచ్చుపని, కుట్టుపని, వ్యవసాయం వంటి వృత్తులు నేర్పేవారు. క్రమశిక్షణ కఠినంగా ఉండేది. ఆ వృత్తులలో సంగీతం కూడా ఒకటి. పాఠశాల వాద్యబృందంలో రాణించిన విద్యార్థులకు సైనిక వాద్యబృందంలోనో, హోటళ్ళ వాద్యబృందాలలోనో ఉద్యోగం దొరికే అవకాశం ఉండేది. అందువల్ల అక్కడి పిల్లలకు సంగీతం కాలక్షేపం కాదు, బ్రతుకుతెరువు.

1939 నుండి ఆల్ఫాలో పనిచేసిన సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ డేవిస్ (1921 - 2003) సంగీతాభిమాని. పిల్లలలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించిన వ్యక్తిగా ఆమె జమైకా సంగీత చరిత్రలో నిలిచిపోయింది. డ్రమ్మండ్‌తో పాటు టామీ మెకూక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్, రికో రోడ్రిగెజ్, జాజ్ వాద్యకారుడు జో హారియట్ మొదలైనవారు ఈ పాఠశాల విద్యార్థులే.

డ్రమ్మండ్ ట్రాంబోన్‌ను ఎంచుకున్నాడు. ఇది ఇత్తడితో చేసిన ఊదువాద్యం. మీటలకు బదులు పొడవైన గొట్టాన్ని ముందుకూ వెనుకకూ జరుపుతూ స్వరస్థానాలు పలికించాలి. ఒక స్వరం నుండి మరొక స్వరానికి తెగకుండా జారిపోయే వీలు దీనిలో ఉంది. కర్ణాటక సంగీతంలోని "జారు"తో దీనిని పోల్చవచ్చు. గొట్టంపై స్వరస్థానాలకు గుర్తులు ఉండవు కనుక చెవి, చెయ్యి ఏకమయ్యేదాకా సాధన చెయ్యాలి. డ్రమ్మండ్ సహజంగా మితభాషి, ఏకాంతప్రియుడు. సాధనలో అతనిని మించినవారు లేరని తోటి విద్యార్థులు చెప్పేవారు. తనకన్నా చిన్నవాడైన రికో రోడ్రిగెజ్‌కు ఇతడు ట్రాంబోన్ నేర్పాడు.

వాద్యబృందాలలో

1950లో పాఠశాల నుండి బయటకు వచ్చిన డ్రమ్మండ్ ఎరిక్ డీన్స్ వాద్యబృందంలో చేరాడు. ఆ కాలంలో ఇటువంటి బృందాలు హోటళ్ళలోను, క్లబ్బులలోను అమెరికా జాజ్ బాణీలు వాయించేవి. శ్రోతలలో విదేశీ యాత్రికులు, స్థానిక సంపన్నులు ఎక్కువ. కొద్దికాలంలోనే డ్రమ్మండ్ ద్వీపంలోకెల్లా మేటి ట్రాంబోన్ వాద్యకారునిగా పేరు పొందాడు. జమైకాకు వచ్చిన విదేశీ జాజ్ కళాకారులు ఇతని ప్రతిభను మెచ్చుకున్నారని చెబుతారు. అయితే పేరు వచ్చినంతగా ఆదాయం రాలేదు.

సౌండ్ సిస్టములు, రికార్డు సంస్థలు

హోటళ్ళలోకి అడుగుపెట్టలేని కింగ్‌స్టన్ పేదలకు వినోదం "సౌండ్ సిస్టమ్". భారీ లౌడ్‌స్పీకర్లను ఆరుబయట అమర్చి, గ్రామఫోన్ రికార్డులు వేసి, నృత్యాలు జరిపేవారు. ప్రవేశ రుసుము, పానీయాల అమ్మకం దీని ఆదాయమార్గాలు. క్లెమెంట్ "కాక్సన్" డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్ ఈ రంగంలో ప్రధాన ప్రత్యర్థులు.

మొదట వీరు అమెరికా నుండి తెచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులను వాడేవారు. 1950వ దశకం చివరికి అమెరికాలో అభిరుచి రాక్ అండ్ రోల్ వైపు మళ్ళింది. జమైకా ప్రజలు కోరే తరహా రికార్డులు దొరకడం కష్టమయింది. దానితో సౌండ్ సిస్టమ్ యజమానులు స్థానిక గాయకులతో, వాద్యకారులతో తామే రికార్డులు చేయించసాగారు. డాడ్ 1963లో బ్రెంట్‌ఫోర్డ్ రోడ్డులో "స్టూడియో వన్" స్థాపించాడు. రీడ్ తన దుకాణం పైభాగంలో "ట్రెజర్ ఐల్" స్టూడియో నెలకొల్పాడు. డ్రమ్మండ్ ఈ ఇద్దరికీ, మరికొందరు నిర్మాతలకు కూడా వాయించాడు.

స్కా సంగీతం

ఈ స్టూడియోలలోనే స్కా రూపుదిద్దుకుంది. అమెరికా రిథమ్ అండ్ బ్లూస్, జాజ్, జమైకా జానపద సంగీతమైన మెంటో, రాస్తఫారీ మతస్థుల డోలు వాద్యం దీనిలో కలిశాయి. దీని ప్రధాన లక్షణం లయ. గిటారు, పియానో తాళపు దెబ్బ మీద కాక, రెండు దెబ్బల నడుమ పలుకుతాయి. ఆ ఎదురు నడక వల్ల సంగీతానికి గంతులు వేసే వేగం వస్తుంది. దానిపై సాక్సఫోన్, ట్రంపెట్, ట్రాంబోన్ వంటి ఊదువాద్యాలు వంతులవారీగా మనోధర్మాన్ని ప్రదర్శిస్తాయి. 1962 ఆగస్టు 6న జమైకా బ్రిటిషు పాలన నుండి స్వాతంత్ర్యం పొందింది. కొత్త దేశపు ఉత్సాహానికి స్కా గొంతుక అయింది.

ఈ ఉత్సాహంలో డ్రమ్మండ్ బాణీలు ప్రత్యేకంగా నిలిచాయి. కాళ్ళు నృత్యం చేయించే లయ మీద ఇతడు తరచుగా మైనర్ స్వరశ్రేణిలో, విషాదం తొణికే బాణీలను నిలిపాడు. ఆఫ్రికాను, తూర్పు దేశాలను తలపించే పేర్లు పెట్టాడు. కింగ్‌స్టన్ తూర్పున వారేకా కొండల వద్ద డోలు వాద్యకారుడు కౌంట్ ఓసీ నిర్వహించిన రాస్తఫారీ శిబిరానికి డ్రమ్మండ్, అతని సహచరులు వెళ్ళి రాత్రుళ్ళు కలిసి వాయించేవారు. ఆ ప్రభావం ఇతని రచనలలో కనిపిస్తుంది.

స్కాటలైట్స్

వేర్వేరు స్టూడియోలలో కలుసుకుంటూ వచ్చిన వాద్యకారులు 1964లో ఒక బృందంగా ఏర్పడ్డారు. అది ఉపగ్రహాల యుగం కనుక శాటిలైట్ అనే మాటను స్కాతో కలిపి "స్కాటలైట్స్" అని పేరు పెట్టుకున్నారు. టామీ మెకూక్, రోలాండ్ అల్ఫాన్సో, లెస్టర్ స్టెర్లింగ్ (సాక్సఫోన్), జానీ మూర్ (ట్రంపెట్), డ్రమ్మండ్ (ట్రాంబోన్), జాకీ మిట్టూ (పియానో), జెర్రీ హేన్స్ (గిటారు), లాయిడ్ బ్రెవెట్ (బాస్), లాయిడ్ నిబ్ (డ్రమ్స్) ముఖ్య సభ్యులు. బృందం మొదటి దఫా మనుగడ సుమారు 14 నెలలే. ఆ స్వల్పకాలంలోనే ఎందరో గాయకులకు వాద్య సహకారం అందిస్తూ, సొంత బాణీలు కూడా పెద్దసంఖ్యలో రికార్డు చేసింది.

1964 నవంబరులో నిర్మాత జస్టిన్ యాప్ తన "టాప్ డెక్" లేబుల్ కోసం స్టూడియో వన్‌లో రాత్రంతా రికార్డింగు జరిపించాడు. వాద్యకారులకు ఇతరుల కంటే మెరుగైన వేతనం ఇచ్చిన నిర్మాతగా యాప్‌కు పేరుంది. డ్రమ్మండ్ అత్యుత్తమ బాణీలలో కొన్ని అతని సంస్థ ద్వారానే వెలువడ్డాయి. లండనులో 1940లో మరణించిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే భౌతికకాయాన్ని జమైకాకు తెచ్చి పునఃఖననం చేసినది కూడా ఆ నవంబరులోనే. ఆ సందర్భం డ్రమ్మండ్ రచనకు వస్తువయింది.

అదే సంవత్సరం న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనకు జమైకా ప్రభుత్వం స్కా కళాకారులను పంపింది. సంపన్న వర్గాలలో ఆదరణ గల బైరన్ లీ బృందానికి ఆ అవకాశం దక్కింది. స్టూడియోలలో స్కాను తీర్చిదిద్దిన స్కాటలైట్స్‌కు దక్కలేదు.

పారితోషికం, హక్కులు

ఆనాడు వాద్యకారులకు రికార్డు చేసిన బాణీకి ఇంత అని ఒక్కసారి చెల్లించి పంపేవారు. తరువాత ఆ రికార్డు ఎన్ని ప్రతులు అమ్ముడైనా వారికి వాటా అందేది కాదు. స్వరకర్తకు బదులు నిర్మాత పేరు లేబుల్ మీద అచ్చు కావడం కూడా మామూలే. ఇంగ్లండులో స్థిరపడిన జమైకన్ల కోసం బ్లూ బీట్, ఐలాండ్ వంటి సంస్థలు ఈ రికార్డులను అక్కడ విడుదల చేశాయి. ఆ అమ్మకాల ఫలితం వాద్యకారుల దాకా రావడం అరుదు. జమైకా సొంత కాపీరైటు చట్టం అమలులోకి వచ్చింది 1993లో. అప్పటికి డ్రమ్మండ్ మరణించి 24 సంవత్సరాలు.

మానసిక అనారోగ్యం

డ్రమ్మండ్ స్కిజోఫ్రీనియాతో బాధపడ్డాడు. కింగ్‌స్టన్‌లోని బెల్లెవ్యూ మానసిక చికిత్సాలయంలో పలుమార్లు చేరాడు. కొన్నిసార్లు తనంత తానుగా వెళ్ళి చేరాడు. బయటకు వచ్చి మరల వాద్యం పట్టేవాడు. వేదిక మీద వాయించకుండా నిలబడిపోవడం, చెప్పకుండా వెళ్ళిపోవడం జరిగేవి. అభిమానులు వీటిని మేధావి విపరీత ధోరణులుగా చెప్పుకున్నారు. అవి వ్యాధి లక్షణాలన్న గ్రహింపు తక్కువగా ఉండేది.

అనీటా మాఫూద్

అనీటా మాఫూద్ "మార్గరీటా" అనే రంగస్థల నామంతో ప్రసిద్ధి చెందిన రుంబా నర్తకి. ఆమె తండ్రి లెబనాన్ మూలాలు కలవాడు. కౌంట్ ఓసీ బృందం డోళ్ళు వాయిస్తేనే తాను నర్తిస్తానని పట్టుబట్టి, రాస్తఫారీ వాద్యకారులను నగర ప్రధాన వేదిక మీదికి రప్పించిందని ప్రతీతి. ఆనాటి సంపన్న సమాజం రాస్తఫారీలను చిన్నచూపు చూసేది. అందువల్ల ఈ చర్యకు జమైకా సంగీత చరిత్రలో ప్రాముఖ్యం ఉంది. ఆమె గాయని కూడా. డ్యూక్ రీడ్ కోసం ఆమె పాడిన "వుమన్ ఎ కమ్" పాటకు డ్రమ్మండ్, అతని సహచరులు వాద్య సహకారం అందించారు. కొంతకాలం ఇద్దరూ కలిసి జీవించారు. అప్పటికే ఆమెకు మొదటి వివాహం వల్ల ఇద్దరు పిల్లలు ఉన్నారు.

హత్య, విచారణ

1965 జనవరి 2 తెల్లవారుజామున, నృత్య ప్రదర్శన ముగించుకొని ఇంటికి వచ్చిన మార్గరీటాను డ్రమ్మండ్ కత్తితో పొడిచి చంపాడు. తరువాత తానే రాక్‌ఫోర్ట్ పోలీసు ఠాణాకు వెళ్ళి, ఆమె తనను తాను పొడుచుకున్నదని చెప్పాడు. న్యాయస్థానం దానిని అంగీకరించలేదు. డ్రమ్మండ్ తరఫున పి.జె. ప్యాటర్సన్ వాదించాడు. ఇతడే 1992 నుండి 2006 వరకు జమైకా ప్రధానమంత్రిగా ఉన్నాడు. నేరం చేసిన మాట నిజమే గాని చేసిన సమయంలో మతి స్థిమితం లేదని తీర్పు వచ్చింది. డ్రమ్మండ్‌ను బెల్లెవ్యూకు తరలించారు. తాను ఎన్నోసార్లు రోగిగా చేరిన చోటికే ఈసారి నిర్బంధితుడై వెళ్ళాడు.

ప్రధాన స్వరకర్తను కోల్పోయిన స్కాటలైట్స్ 1965 ఆగస్టులో విడిపోయింది. మెకూక్ ట్రెజర్ ఐల్‌లో, అల్ఫాన్సో స్టూడియో వన్‌లో వేర్వేరు బృందాలను నడిపారు. 1966 నాటికి స్కా వేగం తగ్గి "రాక్‌స్టెడీ"గా, 1968 ప్రాంతంలో "రెగె"గా మారింది. 1966 ఏప్రిల్‌లో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ జమైకాను సందర్శించాడు. ఆ దేశ రాజధాని "అడిస్ అబాబా" పేరిట బాణీ కట్టిన డ్రమ్మండ్ అప్పటికి సమాజానికి దూరమయ్యాడు.

మరణం

1969 మే 6న డ్రమ్మండ్ బెల్లెవ్యూలోనే మరణించాడు. సహజ కారణాల వల్ల మరణించినట్లు అధికారికంగా ప్రకటించారు. సహచర వాద్యకారులలో కొందరు దీనిని నమ్మలేదు. రకరకాల అనుమానాలు ప్రచారమయ్యాయి, కానీ వేటికీ రుజువు దొరకలేదు.

ముఖ్యమైన బాణీలు

డాన్ కాస్మిక్
ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్
మ్యాన్ ఇన్ ది స్ట్రీట్
కన్ఫ్యూషియస్
అడిస్ అబాబా
మార్కస్ జూనియర్
గ్రీన్ ఐలాండ్

ప్రభావం

డ్రమ్మండ్ వద్ద నేర్చుకున్న రికో రోడ్రిగెజ్ 1961లో ఇంగ్లండు చేరాడు. 1979లో కవెంట్రీ నగరంలో జెర్రీ డామర్స్ "టూ టోన్" రికార్డు సంస్థను స్థాపించాడు. ఆ సంస్థకు చెందిన "ది స్పెషల్స్" బృందంలో నల్లవారు, తెల్లవారు కలిసి స్కాను పునరుద్ధరించారు. వారి రికార్డులలో వినిపించే ట్రాంబోన్ రోడ్రిగెజ్‌దే. స్కాటలైట్స్ వాయించిన "గన్స్ ఆఫ్ నవరోన్" 1967లో బ్రిటిషు జాబితాలకు ఎక్కగా, అదే బాణీని స్పెషల్స్ 1980లో మరల రికార్డు చేసింది. ఆ విధంగా ఆల్ఫా పాఠశాలలో ఒక బాలుడు మరొక బాలునికి చెప్పిన పాఠం సుమారు మూడు దశాబ్దాల తరువాత మరొక ఖండపు యువతరానికి చేరింది. స్కాటలైట్స్ సభ్యులు కూడా 1983లో మరల కలిసి ప్రపంచమంతటా కచేరీలు చేశారు.

డ్రమ్మండ్ గురించిన రచనలలో చిరకాలం మార్గరీటా ఒక విషాద ఘట్టంలోని పాత్రగానే కనిపించింది. ఆమె నృత్యాన్ని, పాటను, రాస్తఫారీ సంగీతానికి ఆమె తెరిచిన ద్వారాన్ని తరువాతి చరిత్రకారులు వెలికి తీశారు. డ్రమ్మండ్ వ్యాధి అతని నేరానికి కారణాన్ని కొంత వివరిస్తుంది, కాని ఆమె మరణాన్ని చిన్నది చేయదు. అతని సంగీతపు గొప్పతనమూ దానిని మాపివేయదు. జమైకా సంగీత చరిత్రలో ఈ ఇద్దరి పేర్లూ స్వతంత్రంగా నిలువదగినవి.