లింకన్‌ను చదివించిన తల్లి

మన హెడ్మాస్టరు గారి గదిలో, గోడ గడియారం కింద, ఫ్రేము కట్టించిన ఉత్తరం ఒకటి ఉండేది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అబ్రహాం లింకన్ తన కొడుకు చదివే బడి పంతులు గారికి రాసిన ఉత్తరమని చెప్పేవారు. ఎనిమిదో తరగతిలో, వార్షికోత్సవం రోజున దాన్ని అప్పజెప్పి స్టీలు గ్లాసు బహుమతిగా తెచ్చుకున్నాను. అది లింకన్ రాసినట్టు ఆధారమేదీ లేదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసి మనసు చివుక్కుమంది. రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరకు చికాగో వెళ్ళినప్పుడు, అదే ఇలినాయ్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న ఆయన ఇల్లు, సమాధి చూశాను. అప్పటి నుంచి ఆ కుటుంబం కథ వెతికి వెతికి చదివాను.

లింకన్ తాత పేరు కూడా అబ్రహామే. 1786లో కెంటకీలో తన పొలంలోనే ఆదివాసుల దాడిలో చనిపోయాడు. అప్పటికి పసివాడైన కొడుకు థామస్ కూలిపనులు చేస్తూ పెరిగి, వడ్రంగం నేర్చుకున్నాడు. కష్టపడి సంతకం చేయడం తప్ప అతనికి రాత రాదు. థామస్, నాన్సీ హాంక్స్ దంపతులకు 1809 ఫిబ్రవరి 12న లింకన్ పుట్టాడు. భూమి హక్కుల తగాదాలతో విసిగి థామస్ 1816లో సంసారాన్ని ఇండియానా అడవుల్లోకి మార్చాడు. రెండేళ్ళకే నాన్సీ పోయింది. విషపు మొక్క మేసిన ఆవుల పాలు తాగితే వచ్చే జబ్బు అది. లింకన్‌కు తొమ్మిదేళ్ళు, అక్కకు పదకొండు.

మరుసటి ఏడు థామస్ కెంటకీ వెళ్ళి, ముగ్గురు పిల్లలున్న సారా బుష్ జాన్‌స్టన్ అనే వితంతువును పెళ్ళాడి తీసుకొచ్చాడు. ఆమె సామానుతో పాటు కొన్ని పుస్తకాలూ వచ్చాయి. ఆమెకు మాత్రం చదువు రాదు. సంతకానికి బదులు గుర్తు పెట్టేది. వచ్చీ రాగానే మట్టినేల మీద చెక్కలు పరిపించింది. పిల్లలకు వంటి నిండా బట్ట, కడుపు నిండా తిండి చూసింది. లింకన్ బడికి వెళ్ళిన రోజులన్నీ కలిపినా ఏడాది నిండదు. ఇంట్లో చదువుకుంటుంటే మాత్రం ఆమె ఎవరినీ అడ్డు రానిచ్చేది కాదు.

1830లో కుటుంబం ఇలినాయ్ చేరింది. మరుసటి ఏడు లింకన్ ఇల్లు వదిలి దుకాణంలో గుమాస్తా, పోస్టుమాస్టరు, సర్వేయరు, చివరికి వకీలు అయ్యాడు. తండ్రితో మనసు కలవలేదు. 1851లో తండ్రి పోతే అంత్యక్రియలకు వెళ్ళలేదు. సారాను మాత్రం ఉత్తరాల్లో తల్లి అనే రాసేవాడు. ఆమె బతికున్నంత కాలం గూడు చెదరకుండా నలభై ఎకరాలు కొని ఉంచాడు. 1861లో అధ్యక్ష పదవికి బయలుదేరే ముందు పనిగట్టుకుని వెళ్ళి ఆమెను చూసి వచ్చాడు. అదే ఆఖరి చూపు. 1865లో ఆయన హత్యకు గురయ్యాడు. ఆమె 1869 దాకా బతికింది.

నలుగురు కొడుకుల్లో ముగ్గురు చిన్నవయసులోనే పోయారు. మిగిలిన రాబర్ట్ ద్వారా సాగిన వంశం, మునిమనవడి మరణంతో 1985లో ముగిసింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేను ఆరో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. ఏడాదికి పిన్ని వచ్చింది. ఆవిడది వేలిముద్ర. రాత్రిళ్ళు నేను చదివేది పాఠమో, డిటెక్టివ్ నవలో ఆవిడకు తెలిసేది కాదు. లాంతరులో కిరసనాయిలు అయిపోకుండా చూసేది, అంతే. ఆ స్టీలు గ్లాసులోనే చివరిదాకా కాఫీ తాగింది. ఆవిడ పోయి పదేళ్ళయింది. బతికుండగా ఒక్కసారీ అమ్మా అని పిలవలేదు. మనం చదివిన బడి సంచికలో, నలుగురూ చదివే చోట, ఇప్పుడు రాస్తున్నాను: నన్ను చదివించింది మా అమ్మ.