లేఖలలో నిలిచిన యాత్ర

చారిత్రక నవలాకారుడు గతకాలమును కన్నులకు గట్టుటకై పాత్రలచే లేఖలను, దినచర్యలను వ్రాయించును. ఏనుగుల వీరాస్వామయ్యకు అట్టి కల్పనతో పనిలేకపోయెను. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసియైన ఆయన 1830 మే 18న పరివారముతో కాశీయాత్రకు వెడలెను. హైదరాబాదు మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. దారిలోని ఊళ్లు, నదులు, మతాచారములు, దొరతనపు తీరులు మొదలుగా చూచినదెల్ల ఎప్పటికప్పుడు వ్రాసి, మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. 1836లో వీరాస్వామయ్య కన్నుమూసెను. ఆ కాగితములు అంతటితో మరుగునపడియుండవచ్చును. కాని పిళ్ల వానిని కూర్చి, 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పేర అచ్చొత్తించెను. నాటి కథ వ్రాయబూనినవారికి నేటికిని అది పెన్నిధి. వ్రాసినవాని శ్రద్ధకు దాచినవాని స్నేహము తోడుకాకున్న, ఆనాటి తెలుగుదేశము మనకింత స్పష్టముగా కనబడియుండదు.