గియోమ్ డ్యుషేన్

మనం చెయ్యి ఎత్తాలనుకోగానే ఆ ఆజ్ఞను మెదడు నుండి కండరానికి నరాలు చేరవేస్తాయి. గాయంవల్ల నరం తెగితే చెయ్యి ఉండీ లేనట్లే. చచ్చుబడిన అలాంటి అవయవాలకు విద్యుత్తుతో చికిత్స చేయడంలో మార్గదర్శి గియోమ్ డ్యుషేన్.

డ్యుషేన్ 1806లో ఫ్రాన్సు ఉత్తర తీరాన ఉన్న బొలోన్ రేవు పట్టణంలో జన్మించాడు. వారిది సముద్రాన్ని నమ్ముకొన్న కుటుంబం. కొడుకు కూడా నావికుడు కావాలని తండ్రి కోరిక. కాని డ్యుషేన్ పారిస్ వెళ్ళి వైద్యం చదివాడు. 1831లో స్వస్థలానికి తిరిగివచ్చి వైద్యవృత్తి చేపట్టాడు. రెండేళ్ళకే భార్య ప్రసవానంతరం జ్వరంతో మరణించింది. బిడ్డను ఆమె పుట్టింటివారే పెంచారు. ఒంటరియైన డ్యుషేన్ మనస్సును పరిశోధనవైపు మళ్ళించాడు.

ఆ రోజుల్లో శరీరంలో సూదులు గుచ్చి వాటి ద్వారా విద్యుత్తును పంపేవారు. డ్యుషేన్ కూడా మొదట అలాగే చేశాడు. తరువాత తడిపిన ఎలక్ట్రోడులను చర్మంపై ఆనిస్తే చాలునని, సూది లేకుండానే కోరిన కండరాన్ని కదిలించవచ్చునని గ్రహించాడు.

1842లో ఆయన పారిస్ చేరాడు. ఏ ఆసుపత్రిలోనూ ఆయనకు ఉద్యోగం లేదు. అయినా విద్యుత్పరికరాన్ని వెంటబెట్టుకొని ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాడు. ఆయన పల్లెటూరి యాసను, బిడియాన్ని చూసి కొందరు వైద్యులు ఎగతాళి చేశారు. ఆయన లెక్కచేయలేదు. ఒక రోగి మరో ఆసుపత్రికి మారితే అక్కడికీ వెళ్ళి చూసేవాడు.

ఈ పట్టుదల ఫలించింది. మెదడు దెబ్బతిని పక్షవాతం వచ్చినవారిలో కండరం విద్యుత్తుకు స్పందిస్తుంది. నరం తెగినవారిలో ఆ స్పందన నశిస్తుంది. ఈ తేడాతో జబ్బు ఎక్కడ ఉన్నదో ఆయన చెప్పగలిగాడు. తన అనుభవాలను 1855లో గ్రంథంగా ప్రకటించాడు. సుప్రసిద్ధ వైద్యుడు షార్కో ఆయనను గురువుగా గౌరవించాడు.

దూరమైన కొడుకు పెద్దవాడై, వైద్యుడై తండ్రిని చేరాడు. కాని ఆ సంతోషం నిలువలేదు. 1871లో కొడుకు టైఫాయిడ్‌తో మరణించాడు. 1875లో డ్యుషేన్ కూడా కన్నుమూశాడు.

తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. శస్త్రచికిత్స చేసిన వెంటనే నరానికి ఒక గంటసేపు స్వల్ప విద్యుత్తు ఇస్తే, అది త్వరగా కోలుకుంటుందని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. పదవి లేకపోయినా, పరిహాసం ఎదురైనా రోగిని విడువని డ్యుషేన్ శ్రమ ఈ విధంగా కొనసాగుతూనే ఉంది.