మైఖెలాంజెలో: ఇద్దరు వదిలేసిన రాయి.. 26 ఏళ్ల శిల్పి చేతిలో ‘డేవిడ్’ అయింది!

ఇద్దరు శిల్పులు మొదలుపెట్టి, మధ్యలోనే వదిలేసిన రాయి అది. ఫ్లోరెన్స్ కెథడ్రల్ పనుల ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి ఏళ్ల తరబడి పడి ఉంది. ఆ పాలరాయి నుంచే ‘డేవిడ్’ పుట్టాడు. చెక్కింది మైఖెలాంజెలో. ఆ శిల్పంతో పాటే ఆయన జీవితం కూడా మలుపు తిరిగింది.

మెడిచి ఇంట్లో పెరిగాడు

మైఖెలాంజెలో 1475 మార్చి 6న ఇటలీలోని కాప్రెసేలో పుట్టారు. బొమ్మలు వేస్తానంటే తండ్రికి నచ్చలేదు. అయినా 13 ఏళ్లకే చిత్రకారుడు గిర్లాండాయో దగ్గర పనిలో చేరారు. కుర్రాడి పనితనం చూసిన లోరెంజో డి మెడిచి తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. అప్పట్లో ఫ్లోరెన్స్‌లో ఆ కుటుంబం మాటే చెల్లుబాటు. 1492లో లోరెంజో చనిపోయారు. రెండేళ్లకే మెడిచిలను నగరం నుంచి తరిమేశారు. రిపబ్లిక్ పాలన వచ్చింది.

తల లేని గొల్యాతు కథ

1501 ఆగస్టులో ఆ పాత రాయి పని మైఖెలాంజెలోకి దక్కింది. అప్పుడు ఆయన వయసు 26. రాయి సన్నగా ఉంది, అప్పటికే కొంత చెక్కేశారు. ఒక్క దెబ్బ తప్పు పడినా అంతే సంగతులు! 1504లో శిల్పం పూర్తయింది. ఎత్తు 5.17 మీటర్లు.

బైబిల్ కథలో గొర్రెలు కాసే దావీదు వడిసెలతో రాయి విసిరి, మహాకాయుడు గొల్యాతును పడగొడతాడు. అంతకుముందు దొనాటెల్లో చేసిన కంచు డేవిడ్ కాళ్ల దగ్గర గొల్యాతు తల ఉంటుంది. ఇక్కడ తల లేదు. భుజం మీద వడిసెల, ముడిపడిన కనుబొమలు, దూరంగా చూపు.. అంతే. పోరాటం ఇంకా మొదలే కాలేదన్నమాట.

మొదట దీన్ని కెథడ్రల్ పైన పెట్టాలనుకున్నారు. ఎక్కడ పెడితే బాగుంటుందో తేల్చడానికి లియొనార్డో డావిన్సీ, బోటిచెల్లి లాంటి కళాకారులను కూడా పిలిచారు. చివరికి ప్రభుత్వ భవనం ముందు నిలబెట్టారు. అక్కడికి తరలించడానికే నాలుగు రోజులు పట్టింది. పెద్ద పెద్ద శత్రువులకు భయపడని చిన్న రిపబ్లిక్‌కి డేవిడ్ గుర్తుగా మారాడు.

పెంచిన ఇంటిపైనే పోరు

1512లో మెడిచిలు తిరిగొచ్చారు. 1527లో మళ్లీ వాళ్లను తరిమేశారు. ఆ గొడవల్లోనే పైనుంచి విసిరిన బల్ల తగిలి డేవిడ్ ఎడమ చెయ్యి విరిగింది. తర్వాత మెడిచిల కోసం సైన్యం నగరాన్ని ముట్టడించింది. అప్పుడు కోట గోడలను పటిష్టం చేసే బాధ్యత తీసుకున్నది ఎవరో కాదు, మైఖెలాంజెలోనే. చిన్నప్పుడు అన్నం పెట్టిన ఇంటికి ఎదురు నిలబడ్డారు.

1530లో నగరం ఓడిపోయింది. ఆయన దాక్కోవాల్సి వచ్చింది. మెడిచి కుటుంబానికే చెందిన పోప్ క్లెమెంట్ 7 ఆయన్ని క్షమించి, మళ్లీ పనిలో పెట్టుకున్నారు. కానీ 1534లో ఫ్లోరెన్స్ వదిలి రోమ్ వెళ్లిపోయారు. ప్రాణం ఉండగా మళ్లీ ఆ నగరంలో అడుగుపెట్టలేదు.

1564 ఫిబ్రవరి 18న, 88 ఏళ్ల వయసులో రోమ్‌లో కన్నుమూశారు. ఆయన మృతదేహాన్ని ఫ్లోరెన్స్ తీసుకొచ్చి శాంటా క్రోచే చర్చిలో ఖననం చేశారు. డేవిడ్‌ను 1873లో అకాడెమియా గ్యాలరీకి మార్చారు. ప్రభుత్వ భవనం ముందు ఇప్పుడు కనిపించేది నకలు. గ్యాలరీలో ఉన్న అసలు శిల్పం ఎడమ చేతిపై ఆనాటి అతుకుల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి.