ఆర్డర్ వేసే అధికారం లేదు.. అయినా రైళ్లను దారిలో పెట్టారు!

ముత్తాత అమెరికాకు రెండో అధ్యక్షుడు. తాత ఆరో అధ్యక్షుడు. తండ్రి లండన్‌లో అమెరికా రాయబారి. చేతిలో హార్వర్డ్ డిగ్రీ, లాయర్‌గా ప్రాక్టీస్ చేసే అర్హత. ఇన్ని ఉన్నా ముప్పై ఏళ్లు దాటేసరికి ఆ యువకుడికి చేయడానికి పనంటూ లేదు. లాయర్‌గా బోర్డు పెట్టుకున్నా క్లయింట్లు పెద్దగా రాలేదు.

ఆయన పేరు చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ జూనియర్. కరెంటు, గ్యాస్, నీళ్లు, రైళ్లు.. ఇలా జనం వాడక తప్పని సేవలను అందించే కంపెనీల చార్జీలు, లెక్కలు, భద్రత సరిగ్గా ఉన్నాయో లేదో ప్రజల తరఫున చూడటాన్నే పబ్లిక్ యుటిలిటీ రెగ్యులేషన్ అంటాం. ఆ లెక్కలు చదివి, ఏం చేస్తే బాగుంటుందో రాసిచ్చేవాళ్లు పాలసీ ఎనలిస్టులు. ఈ కొలువుకు ఓ పేరంటూ లేని రోజుల్లోనే ఆ పని ఎలా చేయాలో చూపించినవారిలో ఆడమ్స్ ఒకరు.

సబ్జెక్టు ముందు.. ఉద్యోగం తర్వాత

1835లో బోస్టన్‌లో పుట్టిన ఆడమ్స్ 1856లో హార్వర్డ్ నుంచి బయటికొచ్చారు. రెండేళ్లకు లాయరయ్యారు. ఆ వృత్తి మీద మనసు నిలవలేదు. ఇంతలో అంతర్యుద్ధం రావడంతో అశ్విక దళంలో చేరి, చివర్లో నల్లజాతి సైనికుల రెజిమెంటుకు కల్నల్‌గా పనిచేశారు. యుద్ధం ముగిశాక పెళ్లి చేసుకుని యూరప్ వెళ్లారు. 1866లో తిరిగొచ్చాక మళ్లీ అదే ప్రశ్న ఎదురైంది.. ఇప్పుడేం చేయాలి?

లాయర్ ఆఫీసుకు మళ్లీ వెళ్లాలనిపించలేదు. దేశంలో అన్నిటికంటే వేగంగా పెరుగుతున్నదేమిటని చూశారు. రైల్వేలు కనిపించాయి. ఆయనేం ఇంజినీరు కాదు, రైల్వే కంపెనీలో ఒక్కరోజు పనిచేసిందీ లేదు. అయినా దాన్నే తన సబ్జెక్టుగా పెట్టుకున్నారు. కంపెనీల వార్షిక నివేదికలు, చట్టాలు, కోర్టు కాగితాలు ముందేసుకుని చదివారు. 1867 నుంచి నార్త్ అమెరికన్ రివ్యూ పత్రికలో రైల్వేల మీద వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు.

1869లో వచ్చిన ఎరీ రైల్వే వ్యాసం ఆయనకు బాగా పేరు తెచ్చింది. ఆ కంపెనీ కోసం ఒకవైపు వాండర్‌బిల్ట్, మరోవైపు డ్రూ, గూల్డ్, ఫిస్క్ కొట్టుకున్నారు. కొత్త షేర్లు ఇష్టారాజ్యంగా అచ్చేశారు. జడ్జీల దగ్గర్నుంచి శాసనసభ్యుల దాకా డబ్బు ప్రభావం పాకింది. ఆడమ్స్ ఈ బాగోతాన్ని సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా వరుసగా విప్పి చెప్పారు. రైల్వేలను నిత్యం గమనించే కమిషన్ ఒకటి ఉండాలని కూడా అదే కాలంలో గట్టిగా వాదించారు. 1869లో మసాచుసెట్స్ రాష్ట్రం ముగ్గురు సభ్యులతో రైల్వే కమిషన్ పెట్టింది. అందులో ఆడమ్స్ ఒక సభ్యుడయ్యారు. అప్పటికి ఆయన వయసు 34.

ఇంటిపేరు కలిసిరాలేదా అంటారేమో. వచ్చే ఉంటుంది. కానీ అదే ఇంటిపేరు లాయర్‌గా ఉన్నప్పుడు కేసులు తెచ్చిపెట్టలేదు కదా!

చేతిలో ఉన్నది నివేదికే

పేరుకు కమిషన్ అయినా చార్జీ ఇంత ఉండాలని ఆదేశించే అధికారం దానికి లేదు. వివరాలు అడగొచ్చు, తనిఖీ చేయొచ్చు, సూచనలివ్వొచ్చు, శాసనసభకు నివేదిక పంపొచ్చు. అంతే. అదే దశాబ్దంలో ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు చార్జీలను చట్టంతోనే కట్టడి చేసే దారి పట్టాయి.

ఆడమ్స్ ఆలోచన వేరు. బజార్లో ఒక కొట్టు పక్కన ఇంకో కొట్టు పెట్టినంత తేలిగ్గా ఒక రైలుమార్గం పక్కన ఇంకోటి వేయలేం. వేసినా రెండు కంపెనీలూ ధరలు తగ్గించుకుంటూ పోయి దివాలా తీస్తాయి, లేదంటే లోపాయికారీగా ఒక్కటైపోతాయి. అందుకే పోటీ ఒక్కటే జనాన్ని కాపాడలేదని ఆయన గుర్తించారు. అలాగని ఖర్చు లెక్కలు తెలియకుండా చట్టసభ చార్జీ నిర్ణయించినా పని జరగదు. ముందు నిజాలు తెలియాలి, అవి అందరి ముందూ ఉండాలి. 1871లో చార్జీలు తగ్గించమని కమిషన్ కంపెనీలకు లేఖలు రాస్తే చాలా కంపెనీలు తగ్గించాయి. మాట వినకపోతే ఆ సంగతి నివేదికలోకి ఎక్కుతుందని వాటికి తెలుసు.

ఇంకో చిక్కూ ఉంది. ఒక్కో కంపెనీ ఒక్కో తీరులో ఖాతాలు రాసేది. ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చడమే కుదిరేది కాదు. అన్ని రైల్వేలూ ఒకే నమూనాలో లెక్కలు రాసే పద్ధతిని 1876లో అమల్లోకి తెచ్చారు. వినడానికి చప్పగా ఉంటుంది కానీ, రెగ్యులేషన్‌కు పునాది ఇదే.

ఆ శనివారం రాత్రి

1871 ఆగస్టు 26. రివీర్ అనే చిన్న స్టేషన్‌లో లోకల్ రైలు ఆగి ఉంది. ఆ రోజు ప్రయాణికుల రద్దీ ఎక్కువ, రైళ్లన్నీ ఆలస్యంగా నడుస్తున్నాయి. అదే పట్టాల మీద వెనక నుంచి పోర్ట్‌లాండ్ ఎక్స్‌ప్రెస్ వచ్చి గుద్దేసింది. ఇంజిన్ ఆవిరికి కొందరు కాలిపోయారు. కిరోసిన్ దీపాలతో మంటలు లేచాయి. 29 మంది చనిపోయారు.

ఎవరో ఒకరికి శిక్ష పడాల్సిందేనని జనం ఆవేశపడ్డారు. ఆడమ్స్ మాత్రం ఆ ఒక్కరి దగ్గర ఆగలేదు. టెలిగ్రాఫ్ అప్పటికే వాడుకలో ఉంది. కానీ ముందు ఏ రైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ కంపెనీ దాన్ని వాడలేదు. వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేకులు వచ్చి రెండేళ్లయినా ఎక్స్‌ప్రెస్‌కు చేత్తో తిప్పే బ్రేకులే ఉన్నాయి. డ్రైవర్‌ని జైల్లో పెట్టినా ఇవేవీ మారవు కదా. ఆయన రాష్ట్రంలోని రైల్వే కంపెనీల అధికారులను పిలిచి కూర్చోబెట్టారు. టెలిగ్రాఫ్, సిగ్నళ్లు, బ్రేకులు, రైళ్లు నడిపే నిబంధనలు.. అన్నీ చర్చకు పెట్టారు. ఆదేశించే అధికారం లేకపోయినా, రివీర్ తర్వాత కాదనే ధైర్యం కంపెనీలకు లేదు. కొన్నేళ్లలోనే అవి ఎయిర్ బ్రేకులకు, మెరుగైన సిగ్నళ్లకు మారాయి. రైలు ప్రమాదాల మీద తాను తెలుసుకున్నదంతా 1879లో ఆయన పుస్తకంగా తెచ్చారు.

గెలిచినచోట.. ఓడినచోట

1872 నుంచి 1879 దాకా కమిషన్‌కు ఆయనే చైర్మన్. చాలా రాష్ట్రాలు మసాచుసెట్స్ నమూనాలో కమిషన్లు పెట్టుకున్నాయి. కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. 1884లో ఆయన భారీ రైల్వే కంపెనీ యూనియన్ పసిఫిక్‌కు అధ్యక్షుడయ్యారు. ప్రభుత్వానికి కట్టాల్సిన అప్పు ఒకవైపు, పోటీ కంపెనీలు మరోవైపు. సంస్థ గాడిన పడలేదు. 1890లో ఆయన్ని పక్కకు తప్పించి కంపెనీని చేతుల్లోకి తీసుకున్నది మరెవరో కాదు, ఎరీ వ్యాసంలో ఆయన ఎండగట్టిన జే గూల్డే! సంస్థను విశ్లేషించడం వేరు, నడపడం వేరు.

నిజం బయటపెడితే చాలన్న నమ్మకానికీ హద్దుంది. అందరి కళ్లూ ఉండే చిన్న రాష్ట్రంలో అది పనిచేసింది. రాష్ట్రాలు దాటి నడిచే రైళ్లకు చాల్లేదు. అందుకే 1887లో దేశం మొత్తానికీ అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ వచ్చింది. ఆడమ్స్ చివరి ఏళ్లలో చరిత్ర రచనకు మళ్లి, 1915లో కన్నుమూశారు.

మీరెక్కడ మొదలెట్టొచ్చు?

మనకూ ఇలాంటి వ్యవస్థ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ నియంత్రణ మండలి 1999లో ఏర్పడింది. విభజన తర్వాత తెలంగాణకు విడిగా మండలి వచ్చింది. ఆడమ్స్‌కు లేని అధికారం వీటికుంది.. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు చార్జీలు నిర్ణయించేది ఇవే. డిస్కంలు వేసే పిటిషన్‌ను అందరికీ అందుబాటులో పెట్టాలి. జనం అభ్యంతరాలు విన్నాకే ఉత్తర్వు ఇవ్వాలి.

ఆ వందల పేజీల్లో కరెంటు కొనుగోలు ఖర్చెంత, సరఫరాలో నష్టమెంత, సబ్సిడీ ఎంత అన్నది చదివి చెప్పేవాళ్లు మండలికీ కావాలి, డిస్కంలకూ కావాలి, కన్సల్టెన్సీలకూ వినియోగదారుల సంఘాలకూ కావాలి. ఎకనామిక్స్, ఇంజినీరింగ్, లా, కామర్స్.. ఏ డిగ్రీ నుంచైనా ఇటు రావొచ్చు. ఎక్సెల్‌లో పట్టు, స్పష్టంగా రాయడం మాత్రం తప్పనిసరి.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. మీ డిస్కం వేసిన తాజా పిటిషన్, దానిపై మండలి ఇచ్చిన ఉత్తర్వు రెండూ డౌన్‌లోడ్ చేయండి. డిస్కం అడిగిందెంత, మండలి ఒప్పుకుందెంత, ఎందుకు తగ్గించింది? ఇంట్లో కరెంటు బిల్లు కట్టేవాళ్లకు అర్థమయ్యేలా రెండు పేజీల్లో రాయండి. వచ్చే ఏడాది బహిరంగ విచారణలో అభ్యంతరం మీరే వేయొచ్చు. ఇంటర్వ్యూలో ఏం చేశారని అడిగితే చూపించడానికి మీ దగ్గర అప్పటికే ఒక పని ఉంటుంది.